పాలపుంత నడిబొడ్డున అంత చిక్కటి వాయువుంది కదా, మరి కొత్త నక్షత్రాలు ఎందుకు తక్కువ?

వనపర్తి కుర్రాడు | శుక్రవారం, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. నేను ఎమ్మెస్సీ ఫిజిక్స్ మొదటి సంవత్సరం. సెమినార్ టాపిక్కులకు చీటీలు వేశారు. నాకు "సర్పిల గెలాక్సీల కేంద్రాల్లో సాంద్ర అణువాయువు" వచ్చింది. పక్కవాడికి శని వలయాలు వచ్చాయి. నా రాత.

రెండు వారాల నుంచి చదువుతున్నా. అర్థమైనంత వరకు చెప్తా, తప్పుంటే దిద్దండి. నక్షత్రాలు పుట్టేది చల్లటి హైడ్రోజన్ అణుమేఘాల్లో, అందులోనూ బాగా చిక్కబడిన చోట్ల. 2004లో గావ్, సాలమన్ అనే ఇద్దరు 65 గెలాక్సీల్లో హెచ్‌సీఎన్ అనే అణువు ఇచ్చే రేడియో కాంతిని పరారుణ కాంతితో పోల్చారు. పరారుణం అంటే కొత్త నక్షత్రాల వేడికి ధూళి కాగి ఇచ్చే కాంతి. రెండూ సరిగ్గా ఒకే నిష్పత్తిలో పెరుగుతున్నాయి. అంటే చిక్కటి వాయువు రెట్టింపైతే నక్షత్రాల పుట్టుక కూడా రెట్టింపు. ఇక్కడిదాకా హాయిగా ఉంది.

తర్వాత చదివిన పేపరు మన పాలపుంత గురించి. నడిమధ్య దాదాపు 1,600 కాంతి సంవత్సరాల మేర 3 నుంచి 5 కోట్ల సూర్యుల బరువున్న అణువాయువు ఉందట, చాలావరకు చిక్కటిదే. కానీ అక్కడ ఏడాదికి పుట్టే నక్షత్రాలన్నీ కలిపితే 0.1 సూర్య ద్రవ్యరాశి. పై సూత్రం ప్రకారం రావాల్సిన దానికంటే పది రెట్లు తక్కువ!

రెంటిలో ఏది నమ్మాలి? సెమినార్‌కి ఇంకా పన్నెండు రోజులే ఉంది. టెన్షన్‌గా ఉంది.

గోదారి గట్టు | శుక్రవారం, రాత్రి 9:31

తమ్ముడూ, హెచ్‌సీఎన్ అంటే హైడ్రోజన్ సయనైడే కదా? మాది పెద్దాపురం దగ్గర. కర్రపెండలం చేలల్లో పెరిగాం. చిన్నప్పుడు పచ్చి దుంప కొరికితే మా నాయనమ్మ వీపు చీరేసేది. అందులో ఉండేది ఇదే విషమని కాలేజీకి వెళ్లాక తెలిసింది. దుంపను కడిగి, పాలు తీసి, వేయించి సగ్గుబియ్యం చేసేసరికి అది పోతుంది.

గెలాక్సీ నడుమ కూడా అదేనా? వెటకారం కాదు, నిజంగా అడుగుతున్నా. ఎన్నో అణువులుండగా ఆ విషాన్నే ఎందుకు పట్టుకున్నారు?

రేడియో చెవి | శుక్రవారం, రాత్రి 11:05

గోదారి గారి ప్రశ్నతోనే మొదలుపెడతా, తమ్ముడి ప్రశ్నకు జవాబు కూడా ఆ దారిలోనే దొరుకుతుంది. (నేను జర్మనీలో ఈ వాయువు మీదే పీహెచ్‌డీ చేస్తున్నా. ఇక్కడ ఇంకా సాయంత్రమే.)

అవును, అదే హైడ్రోజన్ సయనైడ్. మేఘాల్లో చాలా కొద్దిగా ఉంటుంది, ఉజ్జాయింపుగా పది కోట్ల హైడ్రోజన్ అణువులకు ఒకటో రెండో. అయినా దాన్నే వెతకడానికి కారణం, అసలు సరుకైన హైడ్రోజన్ అణువు మూగది. రెండు వైపులా ఒకేలాంటి పరమాణువులు కాబట్టి దానికి విద్యుత్ ద్విధ్రువం లేదు, చల్లగా ఉన్నప్పుడు రేడియో తరంగాలు ఇవ్వదు. అందుకని దానితో తిరిగే మాటకారి అణువుల్ని పట్టుకుంటాం. మొదటిది కార్బన్ మోనాక్సైడ్, మేం సీవో అంటాం. 115.27 గిగాహెర్ట్జ్ దగ్గర, 2.6 మిల్లీమీటర్ల తరంగదైర్ఘ్యంతో పలుకుతుంది. 1970లో ఒరాయన్‌లో దీన్ని మొదట విన్నది విల్సన్, జెఫర్ట్స్, పెంజియాస్. విల్సన్, పెంజియాస్ అంటే విశ్వ నేపథ్య వికిరణాన్ని కనిపెట్టిన ఆ ఇద్దరే.

ఇప్పుడు రెండు చిల్లు కుండలు ఊహించుకోండి. అణువులు ఒకదాన్నొకటి గుద్దుకుంటే గిరగిరా తిరుగుతాయి, అది కుండలో నీళ్లు పోయడం. తిరిగే అణువు రేడియో కాంతి వదిలి నెమ్మదిస్తుంది, అది చిల్లులోంచి కారడం. సీవో కుండకి సూదిబెజ్జమంత చిల్లు. మెల్లగా పోసినా కుండ నిండుగానే ఉంటుంది. హెచ్‌సీఎన్ కుండ చిల్లు దానికి 300 రెట్లు పెద్దది. బాగా గబగబా పోస్తే తప్ప నిండదు. గబగబా పోయడమంటే గుద్దుళ్లు ఎక్కువవడం, అంటే సాంద్రత ఎక్కువవడం. సీవోకి ఘనసెంటీమీటరుకు వెయ్యి అణువులుంటే చాలు. హెచ్‌సీఎన్ నిండుగా పలకాలంటే లక్ష, ఆ పైన కావాలి. అందుకే 88.63 గిగాహెర్ట్జ్ దగ్గర హెచ్‌సీఎన్ వినబడితే "ఇక్కడ చిక్కగా ఉంది" అని రాసుకుంటాం.

ఇది పాఠ్యపుస్తకం వెర్షన్. ఇందులో ఒక మోసం ఉంది, రేపు చెప్తా.

లెక్కల మాస్టారు | శనివారం, ఉదయం 5:48

కుండ పోలిక బాగుందమ్మా. నేను తెనాలిలో ముప్పై ఏళ్లు ఇంటర్ పిల్లలకి ఫిజిక్స్ చెప్పాను, ఈ పోలిక అప్పుడు తట్టలేదు.

బాబూ, సెమినార్‌లో రెండు జాగ్రత్తలు. ఒకటి, "అణువాయువు" అనగానే సగం మంది అణుబాంబు అనుకుంటారు. మన పుస్తకాల్లో అణువు వేరు, పరమాణువు వేరు, కానీ బాంబు దగ్గరికొచ్చేసరికి అందరం కలిపేశాం. మొదటి స్లైడ్‌లోనే తేల్చెయ్. రెండు, "చిక్కటి" అంటే పాయసంలా ఊహించుకుంటారు. మనం పీల్చే గాలిలో ఘనసెంటీమీటరుకు రెండున్నర లక్షల కోటి కోట్ల అణువులుంటాయి. మీరు చిక్కటిదంటున్న మేఘంలో లక్ష. మన ప్రయోగశాలలో శూన్యం అనుకునే దానికంటే అది పలచన. మేఘం పొడవు కాంతి సంవత్సరాల్లో ఉంటుంది గనుక బరువు తూగుతుంది, అంతే.

వనపర్తి కుర్రాడు | శనివారం, ఉదయం 8:20

అక్కా, మాస్టారూ, చాలా థ్యాంక్స్. మూగ అణువు, చిల్లు కుండ రెండూ నోట్స్‌లో రాసుకున్నా. అక్కా, ఆ మోసం ఏంటో చెప్పకుండా వెళ్లిపోతే ఎలా? రాత్రంతా దాని గురించే ఆలోచించా.

ఊరకే అడిగా | శనివారం, ఉదయం 10:02

ఆవిడ చెప్పేలోపు నా అనుమానం చెప్తా. 65 గెలాక్సీల గీత మొత్తం గెలాక్సీలని కలిపి గీసింది. ఊరంతా సగటున ఇంటికి రెండు బకెట్ల నీళ్లు వాడుతుందంటే మా ఇంట్లో కూడా రెండే అని కాదు. సగటు గీతని ఒక్క గెలాక్సీ నడిబొడ్డుకి తెచ్చి అంటించి "అయ్యో తప్పింది" అనడం ఏం న్యాయం? పైగా కొలిచింది హెచ్‌సీఎన్ కాంతిని. వాయువుని కాదు. కాంతికి, వాయువుకి మధ్య ఒక గుణకం ఉంటుంది, అది ప్రతిచోటా ఒకటే అని ఎవరు చెప్పారు?

మన జంతర్ మంతర్ | శనివారం, ఉదయం 10:40

మధ్యలో దూరుతున్నందుకు ఏమీ అనుకోవద్దు. ఇదంతా పుణె దగ్గరున్న మన జీఎంఆర్‌టీ రేడియో టెలిస్కోపుతో చూడలేమా? ప్రతిదానికీ చిలీ, స్పెయిన్ ఎందుకు?

రేడియో చెవి | శనివారం, మధ్యాహ్నం 1:15

జంతర్ గారూ, జీఎంఆర్‌టీ వినేది దాదాపు 1,450 మెగాహెర్ట్జ్ దాకా. పరమాణు హైడ్రోజన్ 21 సెంటీమీటర్ల గీతకి అది బంగారం. హెచ్‌సీఎన్ ఉండేది 88,630 మెగాహెర్ట్జ్ దగ్గర. ఆ తరంగాలకి డిష్ ఉపరితలం బాగా నునుపుగా ఉండాలి, పైన గాలిలో నీటి ఆవిరి తక్కువుండాలి. బెంగళూరులో రామన్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ వాళ్లు 10.4 మీటర్ల మిల్లీమీటర్ డిష్ కట్టి పాలపుంత మేఘాల్ని చూశారు. కానీ దూరపు గెలాక్సీల హెచ్‌సీఎన్‌కి ఎత్తయిన పొడి కొండలు కావాలి. చిలీలో ఆల్మా అనే రేడియో టెలిస్కోపుల గుంపు ఉన్న చహ్నాంతోర్ పీఠభూమి 5,000 మీటర్ల ఎత్తు, అక్కడ 66 డిష్‌లు. స్పెయిన్‌లో పీకో వెలేటా మీదున్న 30 మీటర్ల డిష్ 2,850 మీటర్ల ఎత్తులో ఉంది.

ఇక మోసం. "ఊరకే అడిగా" గారు సరిగ్గా అక్కడే వేలు పెట్టారు. కుండలు ఒంటరిగా ఉండవు. కిక్కిరిసిన మేఘంలో ఒక కుండ చిల్లులోంచి కారిన నీళ్లు పక్క కుండలో పడతాయి. అంటే ఒక హెచ్‌సీఎన్ వదిలిన కాంతిని పక్క హెచ్‌సీఎన్ పీల్చుకుంటుంది, బయటికి పోనివ్వదు. కాబట్టి అంత గబగబా పోయకపోయినా అన్నీ ఓ మోస్తరుగా నిండుతాయి. దీనికి తోడు, పలచటి చోట ఒక్కో కుండ సగమే నిండినా కుండల సంఖ్య చాలా ఎక్కువ, మొత్తం కలిపితే పెద్ద కాంతే. 2017లో మన ఇంటి పక్కనే ఉన్న ఒరాయన్ మేఘాల్ని ముక్క ముక్కగా చూశారు. హెచ్‌సీఎన్ కాంతిలో చాలా భాగం ఘనసెంటీమీటరుకు వెయ్యి లోపు సాంద్రతున్న చోట్ల నుంచి వస్తోందని తేలింది. లక్ష కాదు, వెయ్యి!

నిజంగా చిక్కటి చోట్ల మాత్రమే పలికే అణువులు వేరే ఉన్నాయి, రెండు నైట్రోజన్లు ఒక హైడ్రోజన్ ఉన్న అయాను అలాంటిది. కానీ దాని గొంతు ఇంకా చిన్నది. సీవోతో పోలిస్తే హెచ్‌సీఎనే గెలాక్సీ డిస్కులో (నడిమధ్య చుట్టూ పళ్లెంలా పరుచుకున్న భాగంలో) ముప్పై నలభై రెట్లు మసక. ముప్పై రెట్లు మసకంటే అంతే స్పష్టంగా చూడటానికి 900 రెట్లు ఎక్కువ సమయం కావాలి. సీవోతో 90 గెలాక్సీల పటం గీసిన వాళ్లున్నారు. హెచ్‌సీఎన్‌తో పెద్ద గెలాక్సీ మొత్తాన్ని చుట్టినవి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. నా మొదటి పరిశీలనలో నాలుగు గంటల పాటు తెరమీద గడ్డిలాంటి రొద తప్ప ఏమీ లేదు. ఐదో గంటలో గడ్డి మధ్యలో చిన్న పుట్ట లేచింది. ఆ రాత్రి అమ్మకి ఫోన్ చేసి "పుట్ట కనబడిందే" అంటే పాము ఉందేమో చూడు అంది.

చుక్కల పిచ్చి | శనివారం, మధ్యాహ్నం 2:30

పాము సంగతి సూపర్ అక్కా 😂

నాది హైదరాబాద్, ఎనిమిదంగుళాల డాబ్సోనియన్ టెలిస్కోపు ఉంది. నా డౌటు: ప్రతి సర్పిల గెలాక్సీ నడుమా ఈ చిక్కటి వాయువు ఉంటుందా? ఆండ్రోమెడాని ఎన్నో రాత్రులు చూశా, నడిమధ్య ఎంత వెలుగో. అక్కడ ఇంకా ఎక్కువ ఉండాలి కదా?

రేడియో చెవి | శనివారం, సాయంత్రం 4:50

అదే తమాషా. ఆండ్రోమెడా నడిమధ్య దాదాపు ఖాళీ. మీకు కనబడే వెలుగు ముసలి నక్షత్రాలది. వాయువంతా ముప్పై వేల కాంతి సంవత్సరాల అవతల ఉంగరంలా చుట్టుకుని ఉంది.

నడిమధ్యకి వాయువు చేరాలంటే ఎవరో తోయాలి. డిస్కులో తిరిగే వాయువుకి కోణీయ ద్రవ్యవేగం ఉంటుంది, దాన్ని వదిలించుకోకుండా లోపలికి జారదు. ఆ పని దండం చేస్తుంది. సగానికి పైగా సర్పిల గెలాక్సీల్లో నక్షత్రాలు నడుమ కడ్డీలా పేర్చుకుని ఉంటాయి, మన పాలపుంతకీ ఉంది. ఆ కడ్డీ అంచున వాయువు ఢీకొని వేగం పోగొట్టుకుని లోపలికి జారి, కొన్ని వందల కాంతి సంవత్సరాల దూరంలో ఉంగరంలా పేరుకుంటుంది. 1999లో జపాన్, అమెరికా టెలిస్కోపులతో 20 సర్పిల గెలాక్సీల సీవో చూసినప్పుడు, దండం ఉన్నవాటిలోనే నడుమ వాయువు ఎక్కువ పోగైందని కనబడింది.

ఎన్‌జీసీ 253 అనే సర్పిల గెలాక్సీని చూడండి, 1783లో కారొలైన్ హెర్షెల్ కనిపెట్టింది. 1.1 కోట్ల కాంతి సంవత్సరాల దూరం. దాని నడిమధ్య మన పాలపుంత నడిమధ్యంతే ఉంటుంది, కానీ అక్కడ ఏడాదికి రెండు సూర్యుల బరువున్న నక్షత్రాలు పుడుతున్నాయి. మనకంటే ఇరవై రెట్లు! ఆల్మాతో చూస్తే ఆ ఇరుకులో 14 భారీ నక్షత్ర గుంపులు దుమ్ములో మునిగి పుడుతూ కనబడ్డాయి. ఒక్కో గుంపు ఆరేడు కాంతి సంవత్సరాల వెడల్పే, వాయువు మాత్రం లక్ష సూర్యులంత. ఆ హడావుడికి వాయువు పైకి చిమ్ముతోంది కూడా, ఏడాదికి కనీసం మూడు సూర్యుల బరువు. పుట్టేదానికంటే ఎగిరిపోయేది ఎక్కువ.

ఎన్‌జీసీ 1068 ఇంకో రకం. నడుమ కృష్ణబిలం బాగా మేస్తోంది. దాని చుట్టూ హెచ్‌సీఎన్ కాంతి సీవోతో పోలిస్తే విపరీతంగా ఎక్కువ. కానీ అక్కడ దాన్ని సాంద్రత అని రాసుకుంటే దెబ్బతింటాం. ఎక్స్‌రేలు, వేడి ధూళి కలిసి అణువుల పాళ్లనే మార్చేస్తాయి, పరారుణ కాంతి నేరుగా కుండ నింపేస్తుంది. 90లలో జపాన్‌లోని నొబేయమా రేడియో టెలిస్కోపు వాళ్లు హెచ్‌సీఎన్ ఎక్కువుంటే కృష్ణబిలం మేస్తోందని గుర్తుపట్టొచ్చన్నారు. దానిమీద వాదనలు ఇంకా నడుస్తూనే ఉన్నాయి.

మోడరేటర్ | శనివారం, రాత్రి 7:05

"ఇవన్నీ మన పురాణాల్లో ఎప్పుడో చెప్పారు" అన్న నాలుగు పోస్టుల్ని వేరే దారానికి మార్చాం. అక్కడ కొట్టుకోండి, ఇక్కడ వాయువు మాత్రమే.

వనపర్తి కుర్రాడు | శనివారం, రాత్రి 8:44

అన్నీ రాసుకుంటున్నా. కానీ నా అసలు ప్రశ్న ఇంకా అలాగే ఉంది. సరే, హెచ్‌సీఎన్ కొంచెం అబద్ధమాడుతుంది. కానీ పాలపుంత నడిమధ్యలో సాంద్రతని ధూళి బట్టి కూడా కొలిచారు, అక్కడ నిజంగానే చిక్కగా ఉంది. మరి ఎందుకు పుట్టడం లేదు?

రేడియో చెవి | శనివారం, రాత్రి 10:20

నీ ప్రశ్నకి ఒక మేఘమే సాక్ష్యం. దాని ముద్దుపేరు ఇటుక. నిజంగానే పరారుణ ఫోటోలో నల్లటి ఇటుకలా ఉంటుంది. లక్ష సూర్యుల బరువు, ఓ ఇరవై కాంతి సంవత్సరాల వెడల్పు, సగటు సాంద్రత ఘనసెంటీమీటరుకు పది వేల పైనే. ఇదే మేఘం మన సూర్యుడి పక్కన ఉంటే ఈపాటికి వేల నక్షత్రాలు పుట్టేవి. ఇటుకలో జాగ్రత్తగా వెతికితే అక్కడక్కడా ఒకటి రెండు పసిగుడ్లు, అంతే. కాస్త దూరంలోనే ధనూరాశి బీ2 అనే మేఘం ఉంది, అక్కడ మాత్రం భారీ నక్షత్రాలు కుప్పలుగా పుడుతున్నాయి.

నా ఉద్దేశంలో "చిక్కటి" అనే మాటే మనల్ని తప్పుదారి పట్టిస్తోంది. దేనితో పోలిస్తే చిక్కటి? మామూలు రోజున ఊళ్లో చెట్టుకింద పది మంది చేరితే పంచాయితీ మొదలవుతుంది. మేడారం జాతరలో అదే పది మంది అంతే దగ్గరగా నిలబడ్డా పంచాయితీ జరగదు, తోపులాటలో ఎవరి దారిన వాళ్లు కొట్టుకుపోతారు. పాలపుంత డిస్కులో ఘనసెంటీమీటరుకు పది వేలు అంటే అది చుట్టూ ఉన్నదాని నుంచి విడిపడి, తన బరువుకి తాను కుంగడం మొదలైన ముద్ద. నడిమధ్యలో పది వేలు అంటే మామూలు జనసమ్మర్దం. అక్కడ ముద్ద అనిపించుకోవాలంటే ఇంకా ఎన్నో రెట్లు చిక్కబడాలి.

లెక్కల మాస్టారు | ఆదివారం, ఉదయం 6:10

జాతర బాగుంది గానీ పోలికతో ప్రొఫెసర్లు వదలరు. లెక్క చేద్దాం, రెండు వరసలే.

వాయువు ముద్ద కుంగాలంటే కనీసం ఇంత బరువుండాలని జీన్స్ అనే శాస్త్రవేత్త లెక్క. ఆ కనీస బరువు ఉష్ణోగ్రత ఒకటిన్నర ఘాతంతో పెరుగుతుంది, సాంద్రత వర్గమూలంతో తగ్గుతుంది. డిస్కులో మేఘం 15 కెల్విన్ అనుకో. నడిమధ్యలో వాయువు 50 నుంచి 100 దాకా ఉంటుందంటారు, 75 వేసుకో. ఐదు రెట్లు. ఐదు ఒకటిన్నర ఘాతం 11. సాంద్రత వంద రెట్లు ఎక్కువ వేసుకో, వర్గమూలం 10. పదకొండుని పదితో భాగిస్తే? ఒకటికి కాస్త ఎక్కువ. వంద రెట్లు చిక్కబడి కూడా వాయువు ఉన్నచోటే ఉంది! వచ్చిన లాభమంతా వేడి మింగేసింది.

ఇక అల్లకల్లోలం. అక్కడ మేఘాల్లో వాయువు వేగాలు డిస్కులో కంటే అనేక రెట్లు ఎక్కువ. వేగాన్ని కూడా ఒత్తిడిలాగే చూస్తే (మోటు లెక్కే, ఒప్పుకుంటా) కనీస బరువు వేగం ఘనంతో పెరుగుతుంది. వేగం ఐదు రెట్లయితే 125. సాంద్రత తెచ్చిన పది రెట్ల లాభం దీని ముందు ఏ మూలకి?

ఊరకే అడిగా | ఆదివారం, ఉదయం 9:35

మాస్టారు, లెక్క ఒప్పుకుంటా. కానీ అదే లెక్క ఎన్‌జీసీ 253కి కూడా వేయాలి. అక్కడా వేడి, అక్కడా అల్లకల్లోలం, ఇంకా ఎక్కువే. మరి అక్కడెలా పుడుతున్నాయి? ఒకే మందు ఒకడికి నిద్ర తెప్పించి ఇంకొకడికి మెలకువ తెప్పిస్తే, మందు గురించి మనకి తెలిసింది సగమే.

రేడియో చెవి | ఆదివారం, మధ్యాహ్నం 12:48

దీనికి నాకు నచ్చిన జవాబు వంతులు. దండం వెంబడి వాయువు లోపలికి జారుతూ ఉంగరంలో పేరుకుంటుంది. మొదట్లో అల్లకల్లోలం దాన్ని కుంగనివ్వదు. పేరుకుని పేరుకుని, బరువు గెలిచే హద్దు దాటాక ఒక్కసారిగా నక్షత్రాలు పుడతాయి. అవి పేలి, ఊది, మిగిలిన వాయువుని చెదరగొడతాయి. మళ్లీ మొదటికి. కంప్యూటర్ నమూనాల్లో ఒక చుట్టుకి కోటి రెండు కోట్ల ఏళ్లు పడుతోంది. ఈ లెక్కన ఎన్‌జీసీ 253ని మనం పండుగ రోజున చూస్తున్నాం, మన నడిమధ్యని ఉపవాసం రోజున.

పాలపుంత నడుమ పాత పండుగల గుర్తులు లేకపోలేదు. ఆర్చెస్, క్వింటప్లెట్ అనే రెండు నక్షత్ర గుంపులు కొన్ని మిలియన్ల ఏళ్ల వయసువే, అంటే నిన్నటివే. 2019లో దక్షిణాఫ్రికాలోని మీర్‌క్యాట్ రేడియో టెలిస్కోపు, కేంద్రానికి పైనా కిందా కలిపి 1,400 కాంతి సంవత్సరాల పొడవున ఉబ్బిన రెండు బుడగల్ని చూపించింది. కొన్ని మిలియన్ల ఏళ్ల కిందట అక్కడ ఏదో గట్టిగానే జరిగింది.

కానీ వంతులతోనే అంతా అయిపోదు. పీకో వెలేటా డిష్‌తో తొమ్మిది దగ్గరి గెలాక్సీల డిస్కులు మొత్తం హెచ్‌సీఎన్‌లో చూసిన సర్వే ఒకటుంది. కేంద్రం వైపు వెళ్లేకొద్దీ హెచ్‌సీఎన్, సీవో నిష్పత్తి పెరుగుతుంది, అంటే చిక్కటి వాటా ఎక్కువ. అదే సమయంలో ఒక్కో పాలు హెచ్‌సీఎన్‌కి పుట్టే నక్షత్రాలు తగ్గుతాయి. తొమ్మిదీ ఒకేసారి ఉపవాసం ఉండవు కదా. కాబట్టి మాస్టారి లెక్కలో కూడా నిజముంది.

ఊరకే అడిగా | ఆదివారం, మధ్యాహ్నం 1:30

లేదా కేంద్రాల్లో హెచ్‌సీఎన్ ఎక్కువ పలుకుతోంది, వాయువు అంత లేదు. సీవో సంగతే తీసుకోండి. కేంద్రాల్లో దాని గుణకం డిస్కులో కంటే సగటున సగం, కొన్నిచోట్ల పదో వంతు అని తేలింది కదా. హెచ్‌సీఎన్‌కీ అంతే అయితే "పుట్టడం తగ్గింది" అనేదాంట్లో కొంత భాగం మన త్రాసు తప్పు.

రేడియో చెవి | ఆదివారం, మధ్యాహ్నం 1:52

కొంత భాగం, ఒప్పుకుంటా. మొత్తం కాదు. పాలపుంత నడిమధ్యలో ధూళితో తూచారు, అక్కడ హెచ్‌సీఎన్ త్రాసే వాడలేదు. ఇటుక ఇటుకలాగే ఉంది.

ఊరకే అడిగా | ఆదివారం, మధ్యాహ్నం 1:58

అది ఒక్క గెలాక్సీ. మిగతా తొమ్మిది సంగతి నేను ఇంకా ఒప్పుకోలేదు 🙂

వనపర్తి కుర్రాడు | ఆదివారం, రాత్రి 9:15

మీ ఇద్దరి గొడవే నా సెమినార్‌కి ఆఖరి స్లైడ్ అక్కా. రెండు వైపులా పెట్టి ఆపేస్తా. కుండ బొమ్మ నేనే గీస్తున్నా, గూగుల్‌లో దొరకలేదు.

చిన్న డౌటు, ఇంతకీ ఇవేవీ మామూలు టెలిస్కోప్‌లో కనబడవా?

చుక్కల పిచ్చి | ఆదివారం, రాత్రి 10:03

పాలపుంత నడిమధ్య అస్సలు కనబడదు తమ్ముడూ. దారిలో ఉన్న ధూళికి 30 మాగ్నిట్యూడ్‌ల మసక, అంటే అక్కడి కాంతిలో లక్ష కోట్లలో ఒక వంతు మనదాకా వస్తుంది.

ఎన్‌జీసీ 253 మాత్రం దొరుకుతుంది. నవంబరు మధ్యలో రాత్రి 9 ప్రాంతంలో దక్షిణం వైపు చూడు. తిమింగలం రాశిలో డిఫ్డా అనే చుక్క ఒంటరిగా వెలుగుతుంటుంది, దానికి ఏడు డిగ్రీలు కింద. చెయ్యి చాచి మూడు వేళ్లు పెడితే ఐదు డిగ్రీలు, ఇంకొంచెం దిగు. వనపర్తి నుంచి దిక్చక్రానికి 48 డిగ్రీల ఎత్తులో ఉంటుంది. లైట్లు లేని చోట మంచి బైనాక్యులర్‌కే చిక్కుతుంది.

వనపర్తి కుర్రాడు | పదమూడు రోజుల తర్వాత, సాయంత్రం 6:40

సెమినార్ అయిపోయింది! మొదటి స్లైడ్‌లోనే అణువు, పరమాణువు తేల్చేశా మాస్టారూ. అయినా చివర్లో వెనక బెంచీ నుంచి ఒకడు "మరి రేడియేషన్ ప్రమాదం లేదా" అన్నాడు. సార్ అడిగిన ప్రశ్న మాత్రం గట్టిది: "దండం వాయువుని లోపలికి తోస్తుంది సరే, ఉంగరం దగ్గర ఆగిపోయిన వాయువు అక్కడి నుంచి కృష్ణబిలం దాకా ఎలా వెళ్తుంది?" తెలియదు సార్ అన్నా. నాకూ సరిగ్గా తెలియదు అన్నారు. మార్కులు బాగానే వేశారు.

అక్కా, ఆ ప్రశ్నకి కొత్త దారం మొదలుపెట్టమంటావా?

రేడియో చెవి | అదే రోజు, రాత్రి 8:15

పెట్టు. దానికి మాత్రం నా దగ్గర కుండలు లేవు.

చుక్కల పిచ్చి | మర్నాడు, తెల్లవారుజాము 1:20

రాత్రి మబ్బు విడిచింది. వికారాబాద్ అవతల రోడ్డు పక్కన డాబ్ పెట్టి ఎన్‌జీసీ 253 పట్టా. ఏటవాలుగా, సన్నగా, విభూతి రేఖలా ఉంది. నడుమ కొంచెం వెలుగు ఎక్కువ. పావుగంట కన్ను తీయలేదు. గోదారి గారూ, సయనైడ్ వాసన మాత్రం రాలేదు.

గోదారి గట్టు | మర్నాడు, ఉదయం 7:02

సగ్గుబియ్యం పాయసం తాగుతూ చదువుతున్నా ఇది. బాగా వేయించిందే లెండి.